మా ఇంటి సుకువా

ఒడియా ఊళ్లో స్థిరపడ్డ తెలుగువాళ్లం, మాది నీచు ముట్టని ఇల్లు. అయినా మా వంటింట్లో వరుగులకి వాడుక పేరు సుకువా. ఒడియాలో సుకువా అంటే ఎండుచేప. వానాకాలంలో గేట్ బజార్‌లోని మా కిరాణా కొట్టు వెనక ఇళ్ల నుంచి ఎండుచేపల వేపుడు వాసన వస్తే, మా మామగారు కంచంలోని వంకాయ వరుగుల కూర చూపించి, "మన సుకువా మనకుంది" అనేవారు. ఆయన పోయినా ఆ మాట ఇంట్లో ఉండిపోయింది. అనీ అనీ, దానికి వేరే అర్థం ఉందన్నదే మర్చిపోయాం.

కిందటేడు వేసవి చివర్లో కోడలు వచ్చింది. ఛత్రపురం వైపు ఒడియా పిల్ల, మావాడు ఏరికోరి చేసుకున్నాడు. చేప లేనిదే ముద్ద దిగని ఇంట పుట్టింది. మా దగ్గర ఏం వండినా నాలుగు మెతుకులు కెలికి లేచిపోయేది. మొదట్లో నాకు ఒళ్లు మండింది. నా వంటకి వంక పెట్టిన నోరు అంతదాకా లేదు మరి. తర్వాత భయం పట్టుకుంది. పిల్ల చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. మా ఇంట్లో ఇమడలేక, ఏదో ఒక రోజు పుట్టింటికని వెళ్లి అక్కడే ఉండిపోతుందేమోనని.

తను వచ్చేసరికే ఆ ఏటి వరుగులు అటకెక్కేశాయి. వంకాయ ముక్కల్ని ఉప్పు, పసుపు కలిపిన మజ్జిగలో ముంచి, చిటుక్కున విరిగేదాకా ఎండబెట్టి, చెమ్మ తగలకుండా రేకు డబ్బాల్లో పెడతాను. ఓ రోజు పిల్లకి ధైర్యం చెబుదామని వాటిని చూపించాను.

"దిగులెట్టుకోకే. వానలు రానీ. డబ్బాల నిండా సుకువా ఉంది, కమ్మగా వండెడతాను."

పిల్ల మొహం విప్పారింది. నా మాట తీరుకే అనుకుని మురిసిపోయాను.

వానలు పట్టుకున్నాక తనే వచ్చి అడిగింది, వచ్చీరాని తెలుగులో. "అత్తా, ఈయేళ సుకువా వండుతావా?"

ఈ ఇంట్లో నోరు తెరిచి ఒక వంట కావాలనడం అదే మొదలు. తనని వంటింట్లోకి రానివ్వకుండా కూర్చోబెట్టి, వరుగులు వేడినీళ్లలో నానబెట్టి, చింతపండు పులుసు పోసి, ఇంగువ పోపు పెట్టాను. వడ్డించాను. తను ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. ఇంకొకటి విడదీసి చూసింది. పులుసంతా వేలితో దేవింది.

"అత్తా, సుకువా ఏది?"

"నీ కంచంలో ఉన్నదేటి మరి?"

"ఇది వంకాయ," అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు గాని నాకు వెలగలేదు. నాలిక కరుచుకుని, మామగారి ముచ్చటంతా చెప్పాను.

"మీరు పచ్చి సేప తినరు, ఎండుది తింటారని మాయమ్మకి కూడా సెప్పేసాను," అంది.

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూనే తను ఏడ్చేసింది. ఇంట్లో చేప వండలేను. ఆ పిల్ల ఆకలి చూస్తూ ఊరుకోనూ లేను.

"మీయమ్మ సుకువా ఎలాగ వండుతాదో, దీన్నీ అలాగే వండు. నాను అడ్డురాను," అన్నాను.

లేచి ఆవాలు, వెల్లుల్లి, ఎండుమిరపకాయలు కలిపి నూరింది. వరుగులు ఎర్రగా వేయించి, టమాటా, ఆ ముద్ద వేసి ఉడికించింది. ఆవ ఘాటు ఇల్లంతా కమ్మేసింది. తను రెండోసారి అన్నం పెట్టించుకుంది. నేనూ తిన్నాను. నా కూర కన్నా బాగుందని అనడానికి మనసొప్పలేదు గానీ, బాగుందన్నాను.

ఈ వేసవిలో వంకాయలు తనే కోసింది. మేడ మీద పాత చీర పరిచి, ముక్కలు తిరగేస్తూ వాళ్లమ్మతో ఫోన్లో మాట్లాడుతోంది. ఏం ఎండబెడుతున్నావని ఆవిడ అడిగినట్టుంది.

"ఆమ ఘర సుకువా," అంది. మా ఇంటి సుకువా అని.

అంతవరకు తన నోట ఆమ ఘర అంటే పుట్టిల్లే. నేను మెట్ల మీదే ఆగిపోయి, ఆ మాట ఇంకోసారి అంటుందేమోనని చెవి ఒగ్గి నిలబడ్డాను.