బిడ్డ విమానం నాందేడ్‌లో ఆగిన రోజు

నాందేడ్‌కు అందరూ గురుద్వారా చూడడానికి వస్తారు. నేను మొన్న వానకాలంలో విమానాశ్రయం ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ దాకా పోయి వచ్చాను. మా ఇస్లాపూర్, కిన్వట్ వైపు నుంచి అటు పోవాల్సిన వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. పోవడానికి కారణం మా అల్లుడి ఫోను. మా బిడ్డ సరిత విమానం నడుపుతుంది. హైదరాబాద్‌లో ఒక కంపెనీ యజమానికి ఎనిమిది సీట్ల సొంత విమానం ఉంది, దానికి ఆమె కెప్టెన్. ఇప్పుడు ఒక పెద్ద విమాన సంస్థ వాళ్లు ఉద్యోగం ఇస్తామన్నారు. చేరేదీ లేనిదీ బుధవారం సాయంత్రం లోపల చెప్పాలి. "మామా, ఢిల్లీల ఉండాలంట. మన అమ్ములుకు నాలుగేండ్లే. మీరు వద్దంటే ఇంటది. బుధవారం నాందేడే వస్తది, పదకొండు నుంచి రెండింటి దాంక ఆడ్నే ఉంటది. జర పోయి చెప్పుండ్రి" అన్నాడు అల్లుడు. సరే అన్నాను. నాకు విమానమంటేనే భయం. ఇంతవరకు ఎక్కలేదు. సరిత ఎక్కడ దిగినా నా ఫోనుకు ఒకటే మాట పంపుతుంది, "దిగిన" అని. అది చూశాకే నేను అన్నం ముందు కూర్చుంటాను.

ఉదయం ఆరు గంటల ఎస్టీ, అంటే మహారాష్ట్ర సర్కారు బస్సు ఎక్కాను. హిమాయత్‌నగర్, భోకర్ మీదుగా నాందేడ్‌కు మూడు గంటల పైనే పడుతుంది. అరవై ఐదు దాటినవాళ్లకు సగం టికెట్టు, ఆధార్ కార్డు చూపించాలి. నాకు తొంభై రూపాయలైంది. కిటికీ పక్క సీటు దొరికింది కానీ నేను చేన్లు చూడలేదు, మబ్బులే చూస్తూ కూర్చున్నాను. భోకర్ దగ్గర రైలు గేటు పడింది. రైలు జాడ లేదు. డ్రైవర్ హారన్ మీద హారన్ కొట్టాడు. వెనక సీటాయన కిటికీలోంచి తల బయటపెట్టి "అరే బాబా, బండి రావాల్నంటె ఇంక పది నిమిషాలున్నది, గేటు తియ్యరాదా! పండుకున్నవా ఏంది?" అని గేట్‌మన్ మీద అరిచాడు. గేట్‌మన్ ఇటు తిరగనే లేదు. డ్రైవర్ నా వైపు చూసి "చూడు కాకా, గేటు వీని తాత కట్టిచ్చినట్టు చేస్తున్నడు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ముద్ఖేడ్ అవతల ముప్పై ఒక్క ఏళ్లు నేను చేసింది అదే పని. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. ఒళ్లో ఉన్న రొట్టెల డబ్బా గట్టిగా పట్టుకున్నాను.

నాందేడ్ బస్టాండ్‌లో తొమ్మిదిన్నరకు దిగాను. విమానాశ్రయానికి షేర్ ఆటోలు సగం దాకే పోతాయన్నారు, అందుకే ఆటో మాట్లాడుకున్నాను, నూటయాభై. డ్రైవర్ ముందు మరాఠీలో అడిగాడు, నా మాట విని తెలుగుకు వచ్చాడు.

"ఎవరన్న వస్తున్రా కాకా?"

"బిడ్డ."

"ఏ విమానంల?"

"ఆమెనే నడుపుతది."

ఆటో వేగం తగ్గింది. ఆయన పూర్తిగా వెనక్కి తిరిగి నన్ను చూశాడు. "ముంగట చూడు" అన్నాను.

"నడుపుతదా! నీకు భయం గాదా?"

"అయితది."

"నా బిడ్డ స్కూటీ మీద కాలేజీకి పోతెనే నాకు చెమటలు పడ్తయి. నూటయాభై వద్దు, నూటిరవై ఇయ్యి కాకా. పైలట్ బాపువు" అన్నాడు. దిగేదాకా మధ్యమధ్య అద్దంలో నన్ను చూశాడు.

టికెట్టు లేనివాళ్లను లోపలికి పోనివ్వరు. గేటు దగ్గరి జవాను మర్యాదగానే చెప్పాడు. రోడ్డుకు ఇవతల రేకుల కప్పు హోటల్ ఉంది, రెండు బల్లలు, చాయ్ పది రూపాయలు. అక్కడ కూర్చుంటే దిగే విమానాలు కనబడతాయి. పదకొండు దాటాక సరిత విమానం వచ్చింది. నేలకు దగ్గరయ్యేటప్పుడు ఒక పక్కకు ఒరిగింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అది మామూలుగా నేల మీద ఉరుకుతోంది. పదకొండున్నరకు సరిత రోడ్డు దాటి వచ్చింది, తెల్ల చొక్కా, భుజాల మీద నాలుగు గీతలు. ఆమె పక్క సీటు పైలట్ విమానం దగ్గరే ఉన్నాడట. జొన్నరొట్టె, పుంటికూర చూసి ఫోను పక్కన పెట్టి నేరుగా చేయి పెట్టింది. "బిడ్డా, బట్టలు ఖరాబైతయి, ఈ తువ్వాల కప్పుకో. విమానం నడిపెటోల్లు గూడ గిట్లనే తింటరా" అంది చాయ్ కాచే ఆమె. "గింతకన్న ఎక్కువ తింట అక్కా" అంది సరిత.

సగం రొట్టె తిన్నాక అడిగింది, "మీ అల్లుడు పంపిండా?"

"ఊ."

"ఏం చెప్పుమన్నడు?"

"ఉన్నకాడ్నే ఉండుమని."

"నువ్వేమంటవ్?"

"నేను గూడ గదే అంట."

సరిత కోపం చేయలేదు. వేళ్లకు అంటిన కూర తుడుచుకుని నిదానంగా చెప్పింది. ఇక్కడైతే చాలా రాత్రులు ఇంట్లోనే పడుకుంటుంది. కానీ రేపు ఎటు పోవాలో ఈరోజు తెలియదు. అమ్ములు పుట్టినరోజున కేకు కోయకముందే ఫోను వస్తే లేచి పోయింది. పెద్ద సంస్థలో ఏ రోజు ఎక్కడో ముందుగానే కాగితం ఇస్తారు. కాకపోతే వరసగా నాలుగైదు రోజులు బయటే, నెలకు ఎనిమిదో పదో రోజులు ఇల్లు. ఇక్కడ కెప్టెన్, అక్కడ మళ్లీ పక్క సీటు నుంచి మొదలు. ఇప్పుడు కాదంటే మళ్లీ పిలుస్తారో లేదో. "నెలకు పది దినాలే కనవడితె అది నన్ను మరుస్తదా బాపు?" అంది. గడియారం చూసుకున్నాను. "జల్ది తేల్చు బిడ్డా, నాకు మూడింటికి బస్సున్నది" అన్నాను. అన్నది నేనే.

ఒంటి గంటకు ఇంకా పది నిమిషాలుందనగా పెద్ద కారు ఒకటి వచ్చి గేటు ముందు ఆగింది. అందులోంచి యజమాని మేనేజర్ దిగి నేరుగా హోటల్‌కు వచ్చాడు. అప్పటికి హైదరాబాద్ దిక్కు ఆకాశం నల్లబడింది. సరిత ఫోనులో వాన బొమ్మ చూస్తూనే ఉంది, దాని మీద ఎర్ర మచ్చ పెరుగుతోంది.

"మేడం, చలియే. సార్ పని అయిపోయింది. పదిహేను నిమిషాల్ల లేవాలె, నాలుగింటికి మీటింగున్నది."

"దారిల ఉరుముల మబ్బున్నది సర్. గంటన్నర ఆగుదాం."

"పోయినసారి గూడ గిట్లనే అన్నరు. పోలేదా? ఏమైంది?"

సరిత రొట్టెల డబ్బా దగ్గరికి లాక్కుంది.

"మీకు భయమైతె చెప్పుండ్రి మేడం. నడిపెటోల్లకు కరువా?" అని మేనేజర్ కారు వైపు పోయాడు.

బల్ల అంచు పట్టుకుని అడిగాను, "పోయినసారి ఏమైంది?"

ఆమె డబ్బా మూత తెరుస్తూ మూస్తూ చెప్పింది. "బోనాల ఐతారం నాడు బాపు. ఇదే మనిషి, ఇవే మాటలు. నేను కాదనలేక తీస్కపోయిన. మబ్బుల పడ్డం. విమానం ఒక్కసారి కిందికి జారింది. నాకు అమ్ములు మొఖం కనవడ్డది. పది నిమిషాలు నా చేతులు నా మాట ఇనలే."

ఆ ఆదివారం నాకు గుర్తుంది. సాయంత్రం "దిగిన" అని వచ్చింది. నేను కడుపునిండా తిని పడుకున్నాను. ఇన్నేళ్లుగా ఆ ఒక్క మాట చూసి నేను ధైర్యంగా ఉన్నాను. అట్లాంటి రోజులు ఇంకెన్ని ఉన్నాయో అడగడానికి నోరు రాలేదు.

అప్పుడు ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఆమెకు చెప్పాను. చనిపోయిన వాళ్లమ్మకు కూడా చెప్పలేదు. ఒకసారి నేను రైలుకు గేటు వేశాక ఒక పెద్దమనిషి జీపు వచ్చింది. ఆయన హారన్ కొట్టాడు, తిట్టాడు, నౌకరీ తీయిస్తానన్నాడు. నేను తీశాను. జీపు పోయింది. దాని వెనకే ఒక ఎడ్లబండి వచ్చి పట్టాల మీద ఇరుక్కుంది. నేను ఎర్రజెండా పట్టుకుని రైలుకు ఎదురు ఉరికాను. రైలు బండికి నాలుగు బారల దూరంలో ఆగింది. ఎవరూ చావలేదు. జీపాయన అప్పటికే ఊరు దాటి ఉంటాడు.

"అవుతల అరిచెటోనికి ఏం గాదు బిడ్డా. తీసినోని మీదనే పడ్తది" అన్నాను. సరిత లేచి చొక్కా సరిచేసుకుని కారు దగ్గరికి పోయింది. మేనేజర్ వైపు అద్దం దిగింది. ఆమె చేతులు వెనక కట్టుకుని నిలబడి మాట్లాడింది. ఆమె వేళ్లు ఒకదాన్నొకటి నలుపుకోవడం నాకు ఇక్కడి నుంచే కనబడింది. అద్దం పైకి పోయింది. తిరిగి వచ్చి కూర్చుని "ఆగుతమని చెప్పిన" అంది.

"ఏమన్నడు?"

"ఏమనలే. అద్దం ఎక్కిచ్చిండు."

ఇరవై నిమిషాలకు వాన వచ్చింది. రేకుల మీద ఆ చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినబడలేదు. ఉరుము ఉరిమినప్పుడల్లా నేను విమానం వైపు చూశాను, అది నేల మీదే ఉంది. వాన కొంచెం తగ్గాక అడిగాను, "పెద్ద విమానంల గూడ ఎవడన్న వచ్చి గిట్ల అంటడా?"

"ఆడ గూడ తొందర పెడ్తరు బాపు. కని ప్యాసింజర్ నా మొఖం మీదికి రాడు. మధ్యల తలుపుంటది, పెద్ద ఆఫీసుంటది. నేను వద్దంటె వద్దే."

"అయితె పో."

"అమ్ములు?"

"నేనచ్చి ఉంట."

ఆమె నవ్వింది, కళ్లు తుడుచుకుంది. "మాది ఏడో అంతస్తు. లిఫ్ట్ ఎక్కుతవా?"

"మెట్లెక్కుత."

"మోకాళ్లు?"

"ఆగుకుంట ఎక్కుత." ఇంకొకటి కూడా చెప్పాను. "ఇగ 'దిగిన' అని ఒక్కటే రాయకు. ఎట్ల దిగినవో గూడ రాయి. భయమైతె భయమైందని రాయి."

"మల్ల నువ్వు తినవు."

"తినకున్న మంచిదే. తెల్వకుండ తినుడొద్దు."

నా మూడింటి బస్సు పోయింది. ఆమె విమానం మూడున్నరకు లేచింది. మబ్బు పూర్తిగా పోలేదు, పక్కకు జరిగిందంతే. విమానం ఒక తెల్ల మబ్బులోకి పోయి కనబడకుండా పోయింది. చాయ్ కాచే ఆమె "కూసో కాకా, మొఖం తెల్లవడ్డది" అని డబ్బులు తీసుకోకుండా చాయ్ ఇచ్చింది. నాలుగున్నరకు బస్టాండ్‌లో భోకర్ మీదుగా పోయే బస్సు ఎక్కి కూర్చున్నాను. బస్సు కదలకముందే ఫోను మోగింది. "దిగిన. మబ్బు తప్పిచ్చి చుట్టు తిరిగి వచ్చినం. ఒకసారి బాగ ఊగింది. భయమైంది. ఢిల్లీకి ఒప్పుకున్న." నాలుగుసార్లు చదివాను. డబ్బాలో ఒక రొట్టె మిగిలి ఉంది. తినాలనిపించలేదు.

అల్లుడు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత "వద్దని చెప్పుమంటె పొమ్మని చెప్పి వచ్చిన్రా మామా" అన్నాడు, అందులో తప్పు లేదు. ఇక్కడి ఉద్యోగంలో నోటీసు గడువు ముగిశాక సరిత ఢిల్లీ పోతుంది. ఈలోపల నేను నెలకోసారి హైదరాబాద్ పోయి అమ్ములుకు అలవాటవుతున్నాను. ఏడు అంతస్తులకు మూడుచోట్ల కూర్చోవాల్సి వస్తోంది. నేను చెప్పింది సరైనదో కాదో తెలియదు. పిల్ల తల్లి కోసం ఏడ్చిన రోజు ఏం చెప్పాలో కూడా తెలియదు. భయం తగ్గిందని రాస్తే అబద్ధం, పెరిగింది. ఇదివరకు నాకు తెలియకుండా ఆమె ఒక్కతే భయపడేది, ఇప్పుడు ఇద్దరం తెలిసి భయపడుతున్నాం. గేటు సంగతి చెప్పుకున్నాక మాత్రం ఆ ఎడ్లబండి కలలోకి రాలేదు.

మీ పిల్లలు కూడా ఇట్లాంటి పనిలో ఉండి, నాందేడ్‌లో రెండు మూడు గంటలు ఆగుతారని తెలిసి కలవడానికి పోతే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. వానకాలంలో తిరుగు ప్రయాణానికి మూడింటి బస్సు అనుకోకండి, నాలుగున్నరదో ఆ తర్వాతిదో పెట్టుకోండి. వాళ్లను తొందరపెట్టడానికి వేరేవాళ్లు ఉన్నారు.