నున్నటి గీత మీద అనుమానం

రేకుల కప్పు మీద వాన మొదలైతే ఇప్పటికీ నా చెయ్యి ముందు రికార్డర్ మీదికే పోతుంది. వాన చప్పుడు కలిసిన రికార్డింగును సరోజిని మేడమ్ నమ్మేవారు కాదు. ఆ మాటకొస్తే ఆమె దేన్నీ తేలిగ్గా నమ్మేవారు కాదు. తన నీడను కూడా ఎవరని నిలదీస్తారని వెనక నవ్వుకునేవాళ్లం.

జి.మాడుగులలోని మా చిన్న కేంద్రంలో స్పీచ్ థెరపిస్టులందరికీ ఆమె పెద్ద. పిల్లలతో మేం చేయించే సాధనను రికార్డు చేస్తే, అందులో తడబాట్లెన్ని, పిల్లలు వాడిన వేర్వేరు మాటలెన్ని అని కంప్యూటర్ లెక్కగట్టి గీతలు గీసేది. నెలకోసారి ఆ గీతలు ముందు పెట్టుకుని, ఎవరి పని ఎక్కడ మెరుగుపడాలో మాట్లాడుకునేవాళ్లం. ఒకసారి నా గీతే అందరికంటే బాగుంది. నత్తితో వచ్చిన కొండమ్మ అనే పిల్లకు తడబాటు దాదాపు పోయింది. ఇక రానక్కర్లేదని చెప్పి పంపేద్దామన్నాను.

మేడమ్ తెరకేసి కళ్లు చిట్లించారు. "ఏటమ్మా, ఇంత బేగి తగ్గిపోనాదా?"

"కనిపిస్తోందిగా మేడమ్."

"దూరపు కొండలు నునుపు. ఆ రెండో గీత కూడా సూడు. తడబాటుతో పాటు మాటలూ తగ్గిపోతన్నాయి."

నాకు ఒళ్లు మండింది. ఈవిడకు నేనంటే గిట్టదని, నేను పైకి రావడం చూడలేకపోతున్నారని అనుమానించాను. రికార్డింగులు మళ్లీ విన్నది కూడా ఆమెదే తప్పని తేల్చడానికే. వింటుంటే అనుమానం మెల్లగా నా గీత మీదికే తిరిగింది. మొదట్లో కోడి బొమ్మ చూసి "కో... కో..." అని అవస్థపడిన పిల్ల, తర్వాత "పుంజు" అంటోంది. కొండను ఇంట్లో మాట్లాడే ఒడియాలో "డొంగొర్" అంటోంది. వేరే మాట దొరకనిచోట తల ఊపి ఊరుకుంటోంది. నత్తి పోలేదు, నత్తి వచ్చే మాటలనే తప్పించుకుంటోంది.

మర్నాడు మేడమ్ కొండమ్మను దగ్గర కూర్చోబెట్టుకున్నారు. "నీ పేరేటే గుంటా?"

పిల్ల నావైపు వేలు చూపింది. "టీచరమ్మ సెప్తాది."

నేను నోరు తెరవబోయాను. మేడమ్ వద్దని చెయ్యెత్తారు. కొండమ్మ మెడ నరాలు బిగుసుకున్నాయి. "క్... కొం... కొండమ్మ."

"ఎంతసేపైనా పట్టనీ. నీ పేరు నువ్వే సెప్పాల," అన్నారు మేడమ్.

నాకు ఏడుపొచ్చింది. ఆ గీతను నమ్మి పంపేసి ఉంటే, తన పేరు కూడా ఇంకొకరు చెప్పాల్సిన పిల్లగా మిగిలిపోయేది. తర్వాతి నెల నా గీత అందరికంటే అధ్వానంగా పడింది. తడబాట్లు పెరిగాయి, మాటలూ పెరిగాయి. మేడమ్ ఏ వంకా పెట్టకుండా ఒప్పుకున్న గీత అదొక్కటే.

ఆమె రిటైరయ్యాక కొత్తవాళ్ల గీతలు చూసేది నేనే. నేనో అనుమానప్పక్షినని వాళ్లు అనుకుంటారని తెలుసు. అనుకోనీ. గీత మరీ నున్నగా ఉంటే ఆ పిల్లను పిలిపించి పేరు అడుగుతాను. ఆ నోటి నుంచి మొదటి అక్షరం వచ్చేదాకా ఏ లెక్కా నా మనసుకెక్కదు.