గౌరికి వేడినీళ్ళు

ఆవుకు నీళ్ళు తాపడంలో కూడా ఊరంతా నవ్వేంత ఘనకార్యం చేయవచ్చా అని మీకు అనుమానముంటే నన్నడగండి. నేను చేశాను. పైగా సూర్యుణ్ణి కూడా అందులోకి లాగాను.

అప్పట్లో మా అన్న భార్యాపిల్లలతో చింతామణికి వెళ్ళి అంగడి పెట్టుకున్నాడు. మా ఊరు పరగోడులో, పొలం దగ్గరి ఇంట్లో నేనూ, గౌరి అనే ఆవూ మిగిలాం. పిల్లలు వెళ్ళాక ఇల్లు ఎంత నిశ్శబ్దమైందంటే, నా దగ్గుకు నేనే ఉలిక్కిపడేవాణ్ణి. అందుకని టీవీ ఎప్పుడూ మోగుతూ ఉండేది.

ఆ చలికాలం గౌరి నీళ్ళు తాగడం మానేసింది. తొట్టిలో మూతి పెట్టి, అటూ ఇటూ చూసి, పక్కకు తిరిగేది. పాలు తగ్గాయి, డొక్కలు లోపలికి పోయాయి. నాకు భయం పట్టుకుంది. అదీ పోతే ఆ ఇంట్లో ఊపిరి పీల్చేది నేనొక్కణ్ణే.

సరిగ్గా అప్పుడే టీవీలో ఏదో మంచు దేశం చూపించారు. అక్కడ పశువుల తొట్టిలో నీళ్ళు గడ్డకట్టకుండా సోలార్‌తో వెచ్చబెడతారట. ఇంకేం, రోగం తెలిసిపోయిందనుకున్నాను. బాగేపల్లికి పోయి, ఎవరో తీసేసిన సోలార్ హీటరు కొన్నాను. బిగించడానికి ప్లంబర్ బాషా వచ్చాడు.

"స్నానానికా అప్పా?"

"కాదు, ఆవుకు."

"సోపు కూడా పెట్టల్లా?"

"తాగేదానికి. నీళ్ళు గడ్డకట్టకూడదు కదా."

"మన పక్క నీళ్ళు యాడ గడ్డకడతాయప్పా, ఐస్‌క్యాండీ డబ్బాలో తప్ప?"

"నువ్వు పైపు బిగించు."

మరుసటి పొద్దున పెళ్ళికొడుకులా తల దువ్వుకుని కొళాయి తిప్పాను. ట్యాంకులో వేడి రాత్రంతా అలాగే నిలుస్తుందనీ, చన్నీళ్ళు కలపాలనీ నాకు తట్టలేదు. తొట్టిలోంచి ఇడ్లీపాత్రలా ఆవిరి లేచింది. పాపం, గౌరి నన్ను నమ్మి మూతి పెట్టింది. మరుక్షణం పలుపు తెంపుకుని, పైపును కొమ్ముకు తగిలించుకుని రోడ్డెక్కింది. ఊడిన పైపు నీళ్ళు నా పాదాల మీదే పడ్డాయి. గెంతుతూ వెంటపడ్డాను.

పక్క పొలం నారాయణమ్మ ఇంటి వాకిట్లో దొరికింది. ఆవిడా, కోడలూ, మనవరాళ్ళూ చుట్టూ చేరి మాట్లాడుకుంటున్నారు. వాళ్ళ రాతి తొట్టిలో రాత్రి చలికి జివ్వుమనే నీళ్ళు. గౌరి తల ఎత్తకుండా తాగుతోంది.

"చల్లగా ఉండాయనే కదమ్మా మా ఇంట్లో తాగకుండా ఉండేది?" అన్నాను.

"చలి కాదప్పా. ఇన్నేండ్లూ మీ అన్న పిల్లోళ్ళు చుట్టూ గోల చేస్తాంటే తాగిన ఆవు. నువ్వు తొట్టి నింపి లోపలికి పోతాండావు. ఒక్కటే ఎట్ల తాగతాది?"

ఆవిడ ఎర్రబడ్డ నా పాదాలు చూసింది, తర్వాత ముఖం చూసింది.

"నువ్వు ఏమన్నా తింటివా?"

"తింటానులేమ్మా."

"కూర్చో. నువ్వూ చిక్కిపోయినావు."

పిల్లలు నా చుట్టూ మూగి, "మామా, ఆవుకు స్నానం చేపిస్తివంట కదా" అని అడుగుతుంటే రెండు సంగటి ముద్దలు మింగాను. అంత తిని ఎన్నాళ్ళయిందో.

ఆ రోజే తూర్పుకు తిరిగి గంభీరంగా ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో మళ్ళీ ఏ ఆవుకూ, ఎద్దుకూ, ఆఖరికి కోడికైనా సరే, సూర్యుడి చేత నీళ్ళు కాయించను. తొట్టి పక్కనే కూర్చుని, గౌరి తాగేంతవరకూ మాట్లాడతాను. అప్పట్నుంచి నేను ఎంతసేపు మాట్లాడినా గౌరి మధ్యలో లేచి వెళ్ళిపోయేది కాదు. కట్టేసి ఉండేది మరి.