కానుగ కింద పిట్టు పొయ్యి

మావాళ్లు కానుగ చెట్టును కొట్టరు. ముసురు పట్టి కట్టెలు దొరకని రోజుల్లో కూడా కానుగ పుల్ల మా పొయ్యిలోకి రాదు. కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ దాకా ఈ నల్లరేగడి ఊళ్లలో తెలుగు మాట్లాడే మా కులంవాళ్లకి అది తల్లి. ఎప్పుడో ఉత్తరాన ఒక రాజు మా ఆడబిడ్డను అడిగితే ఇవ్వలేక, పిల్లాజెల్లాతో పారిపోయి వచ్చామట. ఎదురుగా ఏరు పొంగి పారుతుంటే, ఒడ్డునున్న కానుగ కొమ్మలు వంచి దారి ఇచ్చిందట. ఏటా శివరాత్రికి కులదేవత గుడిముందు ఈ కథ చెబుతారు. వింటూ మగవాళ్లు కండువాతో కళ్లు తుడుచుకుంటారు. ఆ కన్నీళ్లను చూస్తే నాకిప్పుడు ఒళ్లు మండుతుంది.

మా ఊరి బస్సు స్టాపు దగ్గర ఒక కానుగ ఉండేది. దాని కింద ఒకామె పొద్దున్నే పొయ్యి పెట్టి, బియ్యప్పిండీ కొబ్బరీ కలిపి ఆవిరి మీద ఉడికించిన పిట్టు అమ్మేది. ఊరికి అవతల శ్రీలంక నుంచి పారిపోయి వచ్చినవాళ్ల శిబిరం ఉంది, ముకాం అంటాం. వాళ్లమ్మ పడవలో వచ్చింది. ఈమె మాత్రం విరుదునగర్ ఆసుపత్రిలోనే పుట్టింది. అయినా ఇది ఆమె దేశం కాదు, అదీ కాదు. పిలిచినప్పుడల్లా ముకాంలో హాజరు పలకాలి. సెంటు నేల కొనలేదు, బ్యాంకు గడప తొక్కలేదు. ఆమె అక్క టపాకాయల షెడ్డులో మందు అంటుకుని రెండు చేతులూ కాల్చుకుంది. ఆ షెడ్డుకు పోకుండా బతకడానికే ఆమె ఈ పొయ్యి పెట్టుకుంది.

దానికి ఎదురుగానే మా మరిది టీకొట్టు. అగ్గిపెట్టెల పనికి పోయే ఆడవాళ్లంతా వీడి ఎండిపోయిన దోసెలు వదిలి పిట్టుకు పోతుంటే వీడి కడుపు రగిలింది.

"వందేరోళ్లు మన ఊర్లో కడ పెట్టేదేమి వదినా?" అన్నాడు ఒకరోజు మా అరుగు మీద కూర్చుని.

కడ అంటే అంగడి. వందేరి అంటే ఎక్కడినుంచో వచ్చి చేరినవాడని తమిళంలో తిట్టు. అంతకుముందు ఏడే వాడి కూతుర్ని కాలేజీలో ఎవరో అదే మాట అన్నారు, తెలుగుదానివి కదా, మీ ఊరికి పో అని. ఆ పూట వీడు అన్నం ముట్టలేదు. "ఇన్ని తరాలు ఈ మన్ను దున్నితిమే, మనం వందేర్లమా?" అని గోడకు చెయ్యేసి కొట్టుకున్నాడు. ఆ మాట ఎంత నొప్పో తెలిసినవాడే దాన్ని ఏరుకొచ్చి ఆమె మీద విసిరాడు. తెలియక అన్నవాణ్ణి క్షమిస్తాను. వీణ్ణి మాత్రం క్షమించను.

అక్కణ్ణించి లేచిపొమ్మని పంచాయతీలో చెప్పించాడు. ఆమె కదల్లేదు. పక్కనే జామకాయలమ్మే ముసలాయన్ని ఎవరూ లెమ్మనలేదు, నన్నే ఎందుకు లెమ్మంటారని అడిగింది. సమాధానం లేనివాడికి కోపం ఎక్కువ. నీడ తీసేస్తే ఈ ఎండకు అదే పోతుందని మావాళ్లు తేల్చారు. కాని కానుగ మీద మా కులంవాడు గొడ్డలి వెయ్యకూడదే! దానికీ ఉపాయం వెతికారు.

"మన సెయ్యి తగలకూడదు గాని, ముకామోళ్ల సెయ్యి తగిల్తే మనకేమి దోసం?" అన్నాడు మా మరిది. చెట్లు కొట్టే కూలికి పోయే ఆమె మొగుడికే కబురు పెట్టాడు. అతను రానన్నాడు. అయితే ఈ ఏడు మిరప కోతకు ముకాం ఆడవాళ్లను ఒక్కరినీ పిలిచేది లేదన్నారు. చుట్టూ చేలన్నీ మావే. అతను గొడ్డలి పట్టుకుని వచ్చాడు.

నాకు తెలిసి పరుగెత్తుకు వెళ్లేసరికి చెట్టు చుట్టూ తాడు కట్టి ఉంది. "మీకు సిగ్గు లేదా? తల్లీ తల్లీ అని మొక్కేది దీనికే గదా!" అని అరిచాను. ఒక్కడూ నా వైపు చూడలేదు. ఆమె మొగుడు గొడ్డలి దించి పెళ్లాం మొహం చూశాడు. ఆమె పొయ్యిలో నీళ్లు చల్లి, తమిళంలో అంది, "కొట్టు. మన ఒక్క పొయ్యి కోసం అందరి పొయ్యిలూ ఆర్పలేం."

చెట్టు ఒరిగేటప్పుడు మావాళ్లంతా వెనక్కి తిరిగి నిలబడ్డారు. కానుగ పడటం చూస్తే పాపమట. వీపు చూపిస్తే పాపం అంటదని వీళ్లకు ఎవరు చెప్పారో! తరువాత వరసగా బోరు దగ్గరికి పోయి తలలు తడుపుకుని ఇళ్లకు పోయారు. మా మరిది ఆ సాయంత్రం దోసెలు ఎక్కువే పోశాడు.

కొన్నాళ్లకు ఆమె టపాకాయల షెడ్డు వ్యాను ఎక్కడం చూశాను. పలకరించబోతే మొహం తిప్పుకుంది. నేనూ ఆ ఇంటిదాన్నే కదా, ఆమె తప్పేమీ లేదు. వ్యాను పోయేదాకా అక్కడే నిలబడి మావాళ్లను నోరారా తిట్టుకున్నాను.

శివరాత్రి వచ్చింది. గుడిముందు అందరం కూర్చున్నాం. కులపెద్ద కథ ఎత్తుకున్నాడు. ఎనక తరుముతున్న గుర్రాలు, ముందర పొంగిన ఏరు. ఆచారం ప్రకారం అక్కడ ఆగి అడిగాడు, "ఆ దినం మనకు దావ ఇచ్చినది ఎవరు?"

అందరూ కానుగమ్మ అనాలి. వాళ్లు నోరు తెరిచేలోపే నేను అన్నాను, "ఆ తల్లిని నరికించినది ఎవరు?"

మా మరిది లేచాడు. "వదినా, నోరు మూసుకో. నరికుడి ఊరినించి ఈడికి కోడలుగా వచ్చిన దానివి, మా ఊరి కత నీకేమి తెలుసు?"

"అవును అబ్బా, వచ్చినదాన్నే. ఈడ వచ్చి సేరనోడు ఎవుడో, వాణ్ణి లేసి నిలబడమను."

నిలబడ్డవాడల్లా మెల్లగా కూర్చున్నాడు. ఇంకెవరూ లేవలేదు. పెద్దాయన మళ్లీ కథ ఎత్తుకోలేదు. ఆ శివరాత్రికి మావాళ్లు ఏరు దాటలేదు.