చెవితో కొన్న వెండి

మా బావ వెండి నాణేన్ని చూసి కొనేవాడు కాదు, విని కొనేవాడు. అక్క మొగుడాయన, ఉక్కు ఫ్యాక్టరీలో, రోలింగ్ మిల్లులో పని. బోనసు రాగానే తోటివాళ్లు దువ్వాడలో స్థలాలు చూడ్డానికి వెళ్తే, ఆయన కూర్మన్నపాలెంలో వెండి షాపుకి వెళ్లేవాడు. నాణేన్ని వేలి కొసన ఆనించి, గోటితో మీటి, మోత ఆగేదాకా కళ్లు మూసుకునేవాడు. అసలు వెండైతే సన్నగా, చాలాసేపు మోగుతుందట.

“జాగా కొంటే కళ్లకి అగుపిస్తాది కదా!” అని అక్క పోరు.

“ఇది ఇనిపిస్తాది,” అనేవాడు. వట్టి మొండి అనుకునేవాణ్ణి నేను.

కొన్నాళ్లకి నాణేలు ప్లాస్టిక్ కవర్లలో సీలు వేసి రావడం మొదలైంది. ఆ ఏడు నేనూ తోడు వెళ్లాను. బావ కవరు చింపబోతే షాపాయన అడ్డుపడ్డాడు.

“సీలు సింపీసినారంటే మేం మళ్లీ కొనం సార్. రూలది.”

“నీకు అమ్ముతానని ఎవులన్నారు? నాను కొన్నది ఎండి, కవరు కాదు.”

చింపేశాడు. మీటాడు. చెవికి మరింత దగ్గరగా పెట్టి మళ్లీ మీటాడు. ఆయన మొహంలో ఏమీ కదల్లేదు. అన్నేళ్ల మిల్లు మోతకి, మాటలు వినబడుతున్నా సన్నటి చప్పుళ్లు ఆయనకి వినబడటం మానేశాయని నాకప్పుడే తెలిసింది. నాణేన్ని నా చెవి దగ్గరికి తెచ్చాడు.

“మోగతందేట్రా?”

సన్నగా, చాలాసేపు మోగింది. తలూపాను.

షాపాయన నవ్వాడు. “ఇనబడనప్పుడు సింపడం దేనికి సార్?”

ఆ మాట మాత్రం బావకి బాగానే వినబడింది. రెండో నాణెం కవరు తీసుకుని, షాపాయన కళ్లలోకే చూస్తూ, పళ్లతో చింపాడు.