మా అత్త పెనం మీద పిజ్జా

మా అత్త పోయి ఈ రోజుకు ఐదు రోజులు. మా ఇంట్లో పెనం అటకెక్కి కూడా ఐదు రోజులే. మా వాళ్ళల్లో మనిషి పోతే పెద్దకర్మ అయ్యేదాకా పొయ్యి మీద పెనం పెట్టరు. అన్నం వండుకోవచ్చు, పప్పు చేసుకోవచ్చు, చారు కాచుకోవచ్చు. రొట్టె కాల్చకూడదు, దోసె పొయ్యకూడదు. ఎందుకని కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తనే అడిగాను. "పెట్టగూడదంటే పెట్టగూడదు. ప్రతిదానికీ ఎందుకంటే ఏం చెప్పాల?" అని నా నోరు మూయించింది. నిన్న గిద్దలూరు నుంచి మా అక్క కూతురు వచ్చింది. చేతిలో బ్యాగు కింద పెట్టకుండానే వంటగదిలోకి పోయి, తలెత్తి అటక మీదికి చూసింది. గోడకు ఆనించిన నల్ల పెనాన్ని చూసి, తర్వాత నన్ను చూసింది. ఇల్లంతా చుట్టాలు, మాట్లాడుకోవడానికి వీల్లేదు. కానీ ఇద్దరికీ ఒకే ఎండాకాలం గుర్తుకొచ్చిందని నాకు తెలుసు.

పదకొండేళ్ళ కిందటి మాట. అప్పుడా పిల్లకు తొమ్మిదేళ్ళు. మా అక్కకు మెడలో గడ్డ లేచింది, గుంటూరు తీసుకపోయి ఆపరేషన్ చేయించాలన్నారు. మా బావ పిల్లను మార్కాపురం తెచ్చి మా ఇంట్లో వదిలి, నాలుగు రోజుల్లో వస్తామని చెప్పి పోయాడు. పిల్ల అన్నం ముందు కూర్చుంటుంది, రెండు ముద్దలు కెలుకుతుంది, కడుపు నిండిందంటుంది. రెండో రోజుకే మొహం పీక్కుపోయింది. బతిమాలాను, కోప్పడ్డాను, పక్కింటి పిల్లల్ని పిలిచి పక్కన కూర్చోబెట్టాను. చివరికి "ఏం చేస్తే తింటావో నువ్వే చెప్పు తల్లీ" అంటే, తల వంచుకుని "పిజ్జా" అంది. నేను అంతవరకూ పిజ్జాను టీవీలో చూడటమే గానీ తిన్నదాన్ని కాదు. అప్పట్లో మా ఊళ్ళో పిజ్జా దుకాణం కూడా లేదు.

బేకరీకి పోయి అడిగితే పిజ్జా బేసు అని రెండు గుండ్రటి రొట్టెలున్న ప్యాకెట్ ఇచ్చాడు. ఎన్నాళ్ళనుంచి ఉన్నాయో, మా ఊరి పలకల మాదిరి ఉన్నాయి, బలపం పెట్టి రాస్తే అక్షరాలు పడేవి. పిల్ల కొరికి, పన్ను పట్టుకుని పక్కన పెట్టింది. నాకు పట్టుదల వచ్చింది. మర్నాడు బ్రెడ్డు ముక్కల మీద చేశాను, మెత్తబడి చేతికి అంటుకున్నాయి. మిగిలిన చపాతీ మీద చేస్తే అంచులు ఎండి చిప్పలయ్యాయి. పులిసిన దోసెల పిండి మందంగా పోసి చేస్తే కాస్త నయమే గానీ, "ఇది ఊతప్పం పిన్నీ" అని పిల్ల కనిపెట్టేసింది. ఈ తమాషా అంతా గడపలో కూర్చుని చూస్తున్న మా అత్త, "రొట్టె మీద టమేటా పచ్చడి పూసుకోని తినేదానికి ఇంత యాగీ ఏందే? నా జొన్నరొట్టె ఏం పాపం చేసింది?" అంది. ఎకసెక్కానికే అంది గానీ, ఆ మాటే నన్ను గట్టెక్కించింది.

జొన్నరొట్టె చెయ్యడం మా అత్తకే చేతనవును. వేడినీళ్ళతో పిండి కలిపి, పీట మీద టపటపా తడుతూ తిప్పుతుంటే రొట్టె చందమామంత గుండ్రంగా సాగేది. నేను తడితే అంచులు చీలి ఏదో దేశపటం తయారవుతుంది. ఆమె రొట్టె వేసి, తడిగుడ్డతో తుడిచి, తిప్పి ఒక పక్క కాల్చి ఇచ్చేది. కాలిన పక్క పైకి పెట్టి నేను టమేటా, వెల్లుల్లి, కారం, చిటికెడు బెల్లం వేసి దగ్గరగా ఉడికించిన ముద్ద పూసేదాన్ని. దాని మీద సన్నగా తరిగిన ఉల్లిపాయ, క్యాప్సికం, బేకరీలో దొరికే చీజు ముక్కను తురిమి వేసి, మంట తగ్గించి సత్తు మూత బోర్లించేదాన్ని. ఐదు నిమిషాలకు అడుగు కరకరలాడేది, పైన చీజు కరిగేది. చీజు లేని రోజు గట్టి మీగడే చీజు. పిల్ల మొదటి ముక్క తిని, రెండోది తిని, వేళ్ళు నాకింది. ఆ రోజు నాకు మా అక్కకే సగం నయమైనట్టు అనిపించింది. నాలుగు రోజులు ప్రతి సాయంత్రం అదే వంట.

నిజానికి అక్కడ ఏమీ బాగా లేదు. ఆపరేషన్ తర్వాత ఊపిరి అందక మా అక్క గొంతులో పైపు వేశారు. మాట లేదు. మా బావ ఫోన్ చేసి చెప్పుకుని ఏడ్చేవాడు. నేను పెరట్లోకి పోయి మొహం కడుక్కొచ్చి, "మీయమ్మ మాట్లాడింది, నువ్వు బాగా తింటున్నావా అని అడిగింది" అని పిల్లకు చెప్పేదాన్ని. చిన్నపిల్లకు నిజం ఎందుకులే అనుకున్నాను. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకుంటున్నానని అప్పుడు తెలియలేదు.

అట్లా ఉండగా త్రిపురాంతకంలో మా మామ తమ్ముడు పోయాడని కబురొచ్చింది. తల్లి ఆస్పత్రిలో ఉన్న పిల్ల ముందు చావు మాట ఎత్తొద్దని మా అత్త గట్టిగా చెప్పింది. అందరం గుసగుసలే. నా మొగుడు, మా అత్త పొద్దున్నే బస్సెక్కి పోయి, సాయంత్రానికి వచ్చి, వాకిట్లోనే బట్టల మీద నీళ్ళు పోసుకుని లోపలికి వచ్చారు. ఎక్కడికి పోయినారని పిల్ల అడిగితే "పని మీద" అన్నాను. మా అత్త తడి తలతోనే నా చేత పెనం తోమించి అటక ఎక్కించింది. ఆ సాయంత్రం పిల్ల పిజ్జా అడగలేదు. చారన్నం పెడితే మెతుకు మిగల్చకుండా తిని, పళ్ళెం తనే కడిగి బోర్లించింది. పిల్లకు బుద్ధి వచ్చిందని నేను సంబరపడ్డాను. నా అంత తెలివితక్కువది ఇంకొకతె ఉండదు.

మర్నాడు కూడా అంతే, పెట్టింది తినడం, ఒక మూల కూర్చోవడం. మూడో రోజు మధ్యాహ్నం చూస్తే తన బట్టలన్నీ మడిచి సంచిలో పెట్టుకుని, దాని పక్కన కూర్చుని ఉంది. "ఏందే ఇది?" అన్నాను.

"నాయన ఎప్పుడొస్తాడు పిన్నీ, నన్ను తీసకపోను?"

"మీయమ్మకు నయం కాగానే వస్తాడు."

"పెనం ఎందుకు తీసినారో నాకు తెలుసు. మా తాత పోయినప్పుడు మా ఇంట్లో కూడా తీసినారు. నేను దోసె అడిగితే మనిషి పోతే పెట్టగూడదని అమ్మే చెప్పింది" అంది. ఏడుపు లేదు.

పోయింది త్రిపురాంతకం తాత అని చెప్పాను. దేవుడి మీద ఒట్టు పెట్టాను. పిల్ల నమ్మలేదు. "అమ్మ మాట్లాడిందని రోజూ చెప్పినావు. మొన్న ఫోన్ నేను ఎత్తితే, గొంతులో పైపు ఉంది, మాట్లాడలేదని నాయన చెప్పినాడు. నువ్వు అబద్ధాలు చెప్తావు" అంది. మా బావకు ఫోన్ కలపబోయాను, ఎత్తలేదు. ఎత్తినా "నాయన కూడా నన్ను ఏడవొద్దని అట్లే చెప్తాడు" అంటోంది. నా మాటకు ఆ పిల్ల దగ్గర విలువ లేకుండా నేనే చేసుకున్నాను. అప్పుడిక ఏం చెయ్యాలో తోచక నేనే ఏడ్చాను.

గడపలో మా అత్త అంతా వింటూ ఉంది. ఏకాదశినాడు పొరపాటున ఎంగిలి పడినా ఇంకో పూట పస్తుండే మనిషి. మైలలో గుమ్మం దాటి గుడి వీధి వైపు కూడా తిరగదు. ఆమె లేచి వచ్చి, "పెనం దించు" అంది నాతో.

"అత్తా, ఇంకా మూడో రోజే కదా."

"నాకు లెక్కలు చెప్పొద్దు. పోయినాయన నా మరిది. పదేండ్ల పిల్లోడప్పటినుంచి నా చేతి రొట్టెలు తిన్నాడు. ఆయనతో నేను చెప్పుకుంటాలే, దించు."

తనే పొయ్యి వెలిగించి, తనే పెనం పెట్టింది. పిల్లను పక్కన నిలబెట్టుకుని, "ఇటు చూడు. మీయమ్మ పోయుంటే నేను పెనం పెడతానా? ఈ అవ్వ పెడతాదా, చెప్పు" అంది. పిల్ల చాలాసేపు ఆమె మొహం చూసింది. తర్వాత అవ్వ నడుము చుట్టూ చేతులు వేసి, మూడు రోజుల ఏడుపూ ఒక్కసారి ఏడ్చింది. చీజు లేదు, క్యాప్సికం లేదు. మీగడ, ఉల్లిపాయలు వేసి చేశాం. అన్ని పిజ్జాల్లోకీ అదే మంచిదని పిల్ల ఇప్పటికీ అంటుంది.

మర్నాడు పొద్దున మా బావ ఫోన్ చేసి, అక్కకు జ్వరం ఎక్కువైంది, ఏమీ చెప్పలేమంటున్నారు అన్నాడు. మా అత్త నాలుగు రోజులు మంచినీళ్ళు, మజ్జిగ తప్ప ఏమీ ముట్టకుండా దేవుడి పటం ముందు కూర్చుంది. తను చేసిన పని ఆ తల్లికి తగులుతుందేమోనని ఆమె భయం. ఆ భయం పిల్లకు కనబడకుండా మధ్యమధ్యలో లేచి వచ్చి దానికి జడ వేసేది. ఐదో రోజు జ్వరం తగ్గింది, పైపు తీశారు. మా అక్క బొంగురు గొంతుతో ఫోన్లో పిల్లను పేరు పెట్టి పిలిచింది. ఆ గొంతు ఈ రోజుకీ బొంగురే. ఫోన్ పెట్టేశాక మా అత్త పెరట్లోకి పోయి ఎంతసేపటికీ రాలేదు, నేనూ పిలవలేదు. ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్ళూ మైలలో మళ్ళీ పెనం దించలేదు.

ఇప్పుడు ఆ పిల్ల నా పక్కన కూర్చుని ఉంది. నాకు ఐదు రోజులుగా అన్నం సహించడం లేదు. పొద్దున అడిగింది, "పెనం దించేదా పిన్నీ? ఒక్క రొట్టె వేస్తా, తింటావు" అని. "వద్దులే. దించమని చెప్పే మనిషే పోయింది కదా" అన్నాను. సరేనని, చారన్నం కలిపి తెచ్చి, ముద్దలు చేసి నా చేతిలో పెడుతోంది. చనిపోని తల్లి కోసం అంత ఏడ్చిన పిల్ల, నిజంగా పోయిన అవ్వ కోసం ఏడుపు దిగమింగుకుని నాకు అన్నం తినిపిస్తోంది. పదకొండేళ్ళు గడిచాయని లెక్క తెలుసు గానీ, ఈ పిల్ల ఎంత పెద్దదైందో ఈ ముద్ద మింగుతుంటే తెలుస్తోంది.