నాన్న బేరింగు

నిన్న సోనారిలో ఒక దుకాణంలో ‘మెరిసే చర్మానికి’ అని రాసి ఉన్న బుల్లి సీసా మూత తీసి వాసన చూశాను. కానుగ నూనె! చిన్నప్పుడు బారిడీహ్‌లోని కార్ఖానా క్వార్టర్లో మా దురదలకీ, పగిలిన మడమలకీ అమ్మ రాసిన అదే చేదు వాసన.

నాన్న కార్ఖానాలో ఫిట్టరు. కొలిమి వేడికి ఎండి పగిలిన ఆయన చేతులకి అమ్మ రోజూ ఆ నూనె పట్టించేది. ఎందుకని అడిగితే, “ఆయిలింగ్ లేకపోతే బేరింగు అరిసి, మెషీన్ ఆగిపోద్దమ్మా” అనేవాడు నాన్న. ఆరేళ్ల నేను ఆ మాట అక్షరాలా నమ్మాను.

ఒక ఉదయం నాన్న నైట్ షిఫ్టు నుంచి వచ్చి పడుకున్నాడు. ఒకటే గురక. బేరింగు అరుస్తోంది, ఇక నాన్న ఆగిపోతాడనుకున్నాను. నూనె సీసా తెచ్చి ఆయన మెడ మీదా ఛాతీ మీదా ఒంపేశాను.

నాన్న ఉలిక్కిపడి లేచాడు. “ఏటే ఇది?”

“నీ బేరింగులో ఆవాజ్ వత్తంది నాన్నా. తేల్ ఏసేను.” వీధి పిల్లల హిందీ కలిపి, చప్పుడుని ఆవాజ్ అనీ నూనెని తేల్ అనీ అనేదాన్ని.

“సీసా మొత్తం ఒంపీసిందా!” అని వంటింట్లోంచి వచ్చిన అమ్మ కేకేసింది.

“అరవకే. పిల్ల మెయింటెనెన్సు సేసింది” అని నవ్వి, నాన్న మళ్లీ కళ్లు మూసుకున్నాడు. నేను పక్కనే కూర్చుని చెవి ఒగ్గి విన్నాను. మధ్యాహ్నం దాకా చిన్న చప్పుడైనా లేదు. నా వైద్యం పనిచేసిందని వీధంతా చెప్పుకు తిరిగాను.

ఇప్పుడు నేనూ ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేస్తున్నాను. రాత్రంతా పనిచేసి వచ్చిన మనిషి, అందులోనూ మా నాన్న, అంత నిశ్శబ్దంగా నిద్రపోవడం జరిగే పని కాదు. ఆ పూట ఆయన నా కోసం కునుకైనా తీయలేదు.